సమాధి దిబ్బ దగ్గర కాపలా మార్పు

నారా పట్నానికి పడమట, కందకం మధ్య ఉన్న ఆ చక్రవర్తి సమాధి దిబ్బ పక్కనుంచి పొద్దుగూకాక ఎవరూ వెళ్లరు. వెళ్లాల్సి వస్తే, కాపలా పాక దగ్గర ఎవరేమడిగినా పలకరు. ఈ కథ ఊళ్లో చెప్పింది మంత్రసాని ఒసేకి. ఆవిడకు అబద్ధాలాడే తీరిక లేదు.

రాజకుటుంబాన్ని చూసుకునే సర్కారు శాఖ ఒకటి ఉంది. వంటవాళ్లు, వైద్యులు, గుర్రాలవాళ్లు, సమాధుల కావలివాళ్లు… వేలమంది దాని నీడన బతికారు. యుద్ధం ఓడాక శాఖ చిక్కి సగమైంది. చాలామందికి ఇంటికి పొమ్మని కాగితాలొచ్చాయి.

కావలివాళ్లకో కట్టడి ఉండేది. కొత్తగా వచ్చినవాడు "కాపలా అందుకున్నాను" అనాలి. ఉన్నవాడు "అంతా సవ్యం" అని దిగిపోవాలి. ఆ మాట పడేదాకా ఆకాశం విరిగి మీద పడ్డా కదలకూడదు.

ఆ దిబ్బ కావలివాడు మొరియాసుకు కాగితం అందింది మంచు కురిసే సాయంత్రం. అందులో తోటి కావలివాడు ముసలి టోకిజో పేరూ ఉంది. టోకిజో అప్పటికి దిబ్బ దగ్గరే ఉన్నాడు. తరవాతి వంతు మొరియాసుది, వెళ్లి అతన్ని దింపాలి. "ఉద్యోగమే పోయాక కాపలా ఏంటి?" అని కసిగా సాకే సారా తాగి ముసుగుతన్నాడు. తెల్లారేసరికి ముసలాయన పాకలో నిలబడే చలికి బిగుసుకుపోయి ఉన్నాడు… దారివైపు చూస్తూ.

రెండేళ్లు మొరియాసు ఆ దారి తొక్కలేదు. ఒక మంచు రాత్రి మాత్రం తప్పలేదు. భార్య చియోకు నొప్పులు, బిడ్డ అడ్డం తిరిగింది. ఒసేకిని తీసుకొస్తున్నాడు. చుట్టుదారిన పోతే గంట ఆలస్యం.

"దిబ్బ దారినే పోదాం పిన్నీ."

"సరే. నోరు మాత్రం మెదపకు నాయనా."

పాక దగ్గర ఎవరో దగ్గారు… మొరియాసు ఎరిగిన దగ్గే.

"వచ్చావట్రా… కాళ్లు లాగేస్తున్నాయిరా."

కోప్పడి ఉంటే పరుగెత్తేవాడే. కానీ ఆ గొంతులో అలసటే ఉంది. మొరియాసు ఆగి పాకవైపు తిరిగాడు.

"వచ్చాను బాబాయ్… కాపలా అందుకున్నాను."

పన్నెండేళ్లు రోజూ అన్న మాట. నోట్లోంచి దానంతటదే జారింది.

"అంతా సవ్యం…" మంచులో అడుగుల చప్పుడు దూరమైపోయింది.

ఒసేకి చెయ్యి పట్టి లాగింది. మొరియాసు కదల్లేదు.

"నువ్వెళ్లు పిన్నీ. చియోని బతికించు. నా బదులు ఎవరన్నా వచ్చాక వస్తాను."

తల్లీబిడ్డా గట్టెక్కారు. తెల్లారగానే బావమరిది గోహే ఆ కబురుతో పరుగెత్తాడు, వెనకే ఒసేకి. మొరియాసు పాకలో నిలబడి ఉన్నాడు, కనుబొమల మీద మంచు పేరుకుని.

"కొడుకు పుట్టాడు బావా. ఇంటికి పద."

"వచ్చావా గోహే… నా బదులు నువ్వేగా? ఆ మాట అనవా…"

గోహే నోరు తెరిచాడు. ఒసేకి చప్పున ఆ నోటికి చెయ్యి అడ్డం పెట్టి, రెండో చెయ్యి మొరియాసు మీద వేసి చూసింది. ఒళ్లు కొయ్యలా ఉంది. ప్రాణం రాత్రే పోయింది… పెదాలు మాత్రం కదులుతున్నాయి.

ఆ రాత్రి పుట్టినవాడికిప్పుడు ఆరేళ్లు. చియో కొడుకును ఆ దారిన పంపదు. తండ్రిని చూడని పిల్లాడు… పాకలోంచి ఆ గొంతు పిలిస్తే పలుకుతాడని ఆవిడ భయం.