గీతలు గీసిందెవరు?

శనివారం మధ్యాహ్నం హాలు తుడుస్తున్న అమ్మ ఉన్నట్టుండి ఆగిపోయింది. కొత్తగా వేయించిన చెక్క నేల మీద, బాల్కనీ గుమ్మం నుంచి పుస్తకాల అలమర దాకా పొడుగాటి గీతలు పడి ఉన్నాయి. దువ్వెనతో దువ్వినట్టు, పక్కపక్కనే బోలెడన్ని.

"ఇదెవరి పని?" అంది అమ్మ. అరవలేదు. అమ్మ అరవకపోతేనే పిల్లలకు ఎక్కువ భయం.

ఆ ఇంట్లో పిల్లలు ఇద్దరు. అక్క ఐదో తరగతి. ఎవరేమన్నా దానికో ఎదురు వాదన సిద్ధంగా ఉంచుకుంటుంది కాబట్టి అందరూ లాయరమ్మ అంటారు. తమ్ముడు బుజ్జిగాడు ఒకటో తరగతి. వాడికో లారీ బొమ్మ ఉంది, ఇనుప చక్రాలది. దాన్ని హాలంతా గిరగిరా తిప్పుతుంటాడు.

బుజ్జిగాడు "నేను కాదు" అన్నాడు. పాలు ఒలకబోసిన రోజు కూడా వాడు ఆ మాటే అన్నాడు. అందుకని ఎవరూ నమ్మలేదు.

అమ్మ లాయరమ్మ వైపు తిరిగి, పొద్దున బాల్కనీలోంచి రాళ్ల పెట్టె లాక్కొచ్చింది నువ్వు కదా అని అడిగింది. రాళ్లు ఏరి దాచుకోవడం లాయరమ్మకు సరదా. ఆమె చకచకా పెట్టె ఖాళీ చేసి తిరగేసింది.

"అడుగు తడిమి చూడమ్మా, ఎంత నున్నగా ఉందో. నున్నటి చెక్క గీతలెలా పెడుతుంది? వాడి లారీ చక్రాలైతే ఇనుము."

అమ్మ తడిమి చూసింది. నిజంగానే నున్నగా ఉంది. కేసు తేలిపోయింది. నాన్న లారీని బీరువా మీద పెట్టేశాడు. సాయంత్రం అత్తతో కొండ దగ్గరికి వెళ్లే పని కూడా బుజ్జిగాడికి రద్దయింది. వాడు వారం నుంచి ఆ కొండ గురించే కలవరిస్తున్నాడు. కిటికీ ఊచలు పట్టుకుని వెక్కుతూ నిలబడిన తమ్ముణ్ణి చూస్తే లాయరమ్మకు జాలేసింది కానీ, గెలిచిన సంతోషం ముందు ఆ జాలి ఎంతోసేపు నిలవలేదు.

అత్త జియాలజిస్టు. రాళ్లను చూసి భూమి పాత సంగతులు చెప్పడం ఆమె ఉద్యోగం. ఆ సాయంత్రం లాయరమ్మకు కొండ కింద పెద్ద బండ ఒకటి చూపించి, దగ్గరికి వెళ్లి చూడమంది. బండంతా నున్నగా ఉంది. దాని మీద సన్నటి గీతలు, అన్నీ ఒకే వైపుకు పరుగు తీస్తున్నట్టు ఉన్నాయి. లాయరమ్మ వేలితో తడిమింది. ఎవరో కావాలని గీసినట్టున్నాయి.

"ముప్పై కోట్ల ఏళ్ల కిందట ఇక్కడంతా మంచే," అంది అత్త. "మేడల కంటే ఎత్తు మంచు. మెల్లగా జరుగుతూ ఈ బండ మీదుగా వెళ్లింది. ఈ గీతలు అప్పటివే."

లాయరమ్మకు ఆ మాట మింగుడుపడలేదు. వీపు చుర్రుమనే ఇంత ఎండ కాసే చోట మంచేమిటి? పోనీ ఉందనుకున్నా, నోట్లో వేసుకుంటే కరిగిపోయే మంచు రాయిని ఎలా గీస్తుంది? వాదనకు దిగింది.

అత్త నవ్వింది. "అప్పట్లో ఈ నేల దక్షిణ ధ్రువానికి దగ్గరగా ఉండేది. ఇక గీయడమంటావా, మంచు గీయలేదే. మంచు అడుగున ఇసుకా, రాళ్లూ ఇరుక్కుంటాయి. మంచు వాటిని బండకేసి రుద్దుకుంటూ పోతుంది. గీసేది అవి. ఆ తర్వాత మంచు కరిగిపోయింది, గీతలు మిగిలాయి."

ఇంకో ప్రశ్న అడగబోయిన లాయరమ్మకు తన రాళ్ల పెట్టె గుర్తొచ్చింది. బాల్కనీలో పూలకుండీల కోసం పోసిన ఇసుక ఉంది. ఆమె పెట్టె ఇవాళ పొద్దుటి దాకా ఆ ఇసుక మీదే ఉంది.

హాల్లో గీతలు గుర్తుచేసుకుంది. అన్నీ తిన్నగా ఉన్నాయి. బుజ్జిగాడు లారీని ఏనాడూ తిన్నగా నడపడు. పైగా లారీ అయితే రెండు గీతలే పడాలి. ఇవి బోలెడు.

దారి పొడుగునా లాయరమ్మ అదే ఆలోచించింది. పెట్టె అడుగున ఇసుక ఎప్పుడో రాలిపోయింది. తను చెప్పకపోతే ఎవరికీ తెలియదు. కానీ కిటికీ దగ్గర బుజ్జిగాడి మొహం కళ్ల ముందు నుంచి కదలడం లేదు. తన మీద తనకే సిగ్గేసింది.

ఇంటికి రాగానే లాయరమ్మ అత్త దగ్గర భూతద్దం అడిగి తీసుకుని, హాల్లో బోర్లా పడుకుంది. అలమర దగ్గర, ఒక గీత చివర, చెక్కలో ఇసుక రేణువు ఒకటి దిగబడి మెరుస్తోంది.

"అమ్మా, నాన్నా, ఒకసారి రండి," అని పిలిచింది. "గీతలు నా పెట్టెవే. అడుగున ఇసుక అంటుకుని ఉంది, నేను చూసుకోలేదు. తెలియకుండానే నేరం తమ్ముడి మీద పెట్టేశాను."

నాన్న భూతద్దంలోంచి చూసి, బీరువా మీది లారీ దింపి బుజ్జిగాడి చేతికిచ్చాడు. మేమూ సరిగ్గా చూడలేదు కదా అంది అమ్మ. రేపు వీణ్ణి కూడా కొండకు తీసుకెళ్లు అత్తా అని లాయరమ్మ బతిమాలింది.

మర్నాడు బండ చూడగానే బుజ్జిగాడి కళ్లు పెద్దవయ్యాయి. చుట్టూ తిరిగాడు. గీతల మీద లారీ నడిపాడు.

"అక్కా, ఇవి ఏనుగు గీసినవే," అని తేల్చేశాడు.

లాయరమ్మకు నవ్వు తన్నుకొచ్చింది. జవాబు నాలుక చివర దాకా వచ్చేసింది. దాన్ని అక్కడే ఆపుకుని, భూతద్దం వాడి చేతిలో పెట్టి పక్కన కూర్చుంది.

"ఏనుగు ఎందుకనుకున్నావో చెప్పరా," అంది. "నేను వింటాను."