మూడేళ్లకు మూడు వారాలు తక్కువ

నొంతబురి పట్టణంలో ఎప్పటిలాగే సమ్రాన్ తెల్లవారుతూనే బౌద్ధ భిక్షువుల పాత్రల్లో అన్నం వడ్డించి లోపలికి వచ్చింది. కోడలు విలావన్ అప్పటికే కాగితాల సంచి భుజాన వేసుకుని తయారుగా ఉంది. ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ చేసి వచ్చి కన్ను కూడా మూయలేదు. ఇంటి అప్పును తక్కువ వడ్డీ తీసుకునే బ్యాంకుకు మార్చుకుంటే నెలవారీ వాయిదా తగ్గుతుంది. అది తగ్గితే రాత్రి డ్యూటీ మానేసి, రెండున్నరేళ్ల ఫాయ్ పక్కన తనూ పడుకోవచ్చు. కొన్ని నెలలుగా ఆమె కోరిక అదొక్కటే.

మనవరాలిని ఎత్తుకునేందుకు సమ్రాన్ కూడా బయల్దేరింది. కొడుకు కిట్టిపోంగ్ బండి తీశాడు.

పాత బ్యాంకు గుమస్తా మర్యాదగా నవ్వుతూనే అరవై ఆరు వేల భాత్‌ల రుసుము చూపించాడు. మూడేళ్లు నిండకుండా అప్పు తీర్చేస్తే పడేదట అది. నిండాయి కదా అని విలావన్ ఒప్పందం మీది తేదీ చూపించింది. లెక్క ఒప్పందం నుంచి కాదు, భూమి కార్యాలయంలో తనఖా నమోదైన రోజు నుంచి అన్నాడతను. ఆ షరతు ఎవరు చెప్పారని ఆమె పైఅధికారి దాకా వెళ్లింది. ఆయన ఒప్పందంలో ఆమె సంతకం కిందే ఉన్న సన్నటి అక్షరాలు చూపించి, నమోదు మూడు వారాలు వాయిదా వేయమన్నది మీ వాళ్లేనన్నాడు.

విలావన్ అత్తగారి వైపు తిరిగింది.

"విన్నావా అమ్మా? ఆ రోజు మంచిది కాదని పట్టుబట్టావు. నీ మంచి రోజుకి అరవై ఆరు వేలు."

సమ్రాన్ మెడలోని సన్నటి బంగారు గొలుసు తీసి కోడలి చేతిలో పెట్టింది.

"ఇది అమ్మి కట్టు. తప్పు నాదే."

కిట్టిపోంగ్ ఇక ఊరుకోలేకపోయాడు. "రోజు బాగాలేదని ఏ భిక్షువూ చెప్పలేదు, విలా. కదలకుండా పడుకోకపోతే కడుపులో బిడ్డ దక్కదని డాక్టరు చెప్పినా, నమోదు సంతకానికి వెళ్లి తీరతానన్నావు. గుర్తుందా?"

గుర్తుంది. ఎన్ని చెప్పినా వినలేదు. అత్తగారు రోజు మంచిది కాదన్నాకే, సణుగుతూ మంచమెక్కింది.

"ఒంట్లో బాగాలేదంటే నువ్వు వినవు," అంది సమ్రాన్ మెల్లగా. "పెద్దదాని చాదస్తమంటే వింటావనుకున్నాను."

ఫాయ్ నాయనమ్మ భుజం మీద చొంగ కార్చుకుంటూ నిద్రపోతోంది. విలావన్‌కు కన్నీళ్లు ఆగలేదు. ఆ గొలుసును తిరిగి అత్తగారి మెడలో వేసింది. కొక్కెం పట్టించడానికి చాలాసేపు పట్టింది.

అప్పు తీర్చే దరఖాస్తు వెనక్కి తీసుకుని, కొత్త బ్యాంకుకు ఫోన్ చేసింది. మూడేళ్లు నిండాక వస్తే రుసుము ఉండదు, కానీ కొత్త బ్యాంకు వాళ్లు కాగితాలన్నీ మళ్లీ మొదటి నుంచి చూడాలి. వడ్డీ కాస్త పెరగవచ్చు. పెరగనివ్వండి అంది. వాయిదా ఎలాగూ తగ్గుతుంది, రాత్రి డ్యూటీ ఇంకో నెల చేస్తే చాలు.

బండి ఎక్కాక అడిగింది. "ఈసారి సంతకానికి మంచి రోజు నువ్వే చూడమ్మా."

సమ్రాన్ మనవరాలిని ఒళ్లో సర్దుకుంది.

"నువ్వు కంటినిండా నిద్రపోయి లేచిన రోజు వెళ్దాం."