అక్క తెరిచి ఉంచిన కార్డు

ఆ బ్లడ్ బ్యాంకులో మెట్ల కింది గది పేరెత్తితే చాలు, నైట్ డ్యూటీ వాళ్ళకి చెమటలు పట్టేవట. రక్తదాతల వివరాలు కంప్యూటర్లో ఎక్కించే అక్క, ఆ గదిలో కుర్చీలో కూర్చున్నది కూర్చున్నట్టే ప్రాణం వదిలింది. మర్నాడే గదికి తాళం పడింది. అయినా తలుపు వెనక... ఏదో సన్నగా గుర్రుమంటూనే ఉండేది.

అంతటితో పోయినా బాగుండేది. మూడు వారాలయ్యాక ఓ రాత్రి, ల్యాబులో పనిచేసే గుండు ఒక దాత కార్డు తెరవబోయాడు. తెర మీద రెండే ముక్కలు — "తెరుచుకోదు. వాడుతున్నది: అక్క."

గుండు కుర్చీ తన్నేసి లేచాడు.

కానీ ఆ కార్డు కావాలి. పైన పురిటి గదిలో ఒకావిడకి రక్తం ఆగడం లేదు. ఆవిడ గ్రూపు రక్తమున్న దాత ఊరంతటికీ ఒక్కడే. కాగితం మీదున్న పాత నంబరు పనిచెయ్యడం లేదు.

ఆ కార్డుల ప్రోగ్రాం రాసినమ్మాయిని నిద్రలేపి పిలిపించారు.

"అక్క వదల్లేదు మేడమ్..." గుసగుసగా అన్నాడు గుండు.

"వదలకపోతే వెళ్ళి అడుగుతా. తాళంచెవి ఇటివ్వు."

మాట గట్టిగానే అంది గానీ, ఇది దెయ్యం పని కాదని ఆమెకి తెలుసు. ఒకరు కార్డు తెరిస్తే, సేవ్ చేసి మూసేదాకా ఇంకెవరికీ తెరుచుకోకుండా రాసింది తనే. ఇద్దరు ఒకే కార్డు దిద్ది పాడు చెయ్యకూడదనుకుంది. తెరిచిన మనిషే లేకుండా పోతే ఎలాగన్నది... ఆలోచించలేదు.

ఇంతలో పెద్ద డాక్టరు ఫోను. "సర్వర్ ఆపి మళ్ళీ వెయ్యమ్మా! చిక్కులన్నీ అవే పోతాయి."

"పోతాయి సార్. అక్క టైపు చేసి సేవ్ చెయ్యనిదేమైనా ఉంటే అదీ పోతుంది. మళ్ళీ ఆ పనికిరాని నంబరే మిగుల్తుంది."

"చెప్పింది చెయ్యి! రేపు నీకు ఉద్యోగం ఉండాలా, వద్దా?"

"రేపటి సంగతి రేపు చూద్దాం సార్." ఫోను పెట్టేసింది.

మెట్ల కింద దీపం లేదు. తడుముకుంటూ తాళం తీసింది. భయం వెయ్యలేదంటే అబద్ధం. తలుపు తోసింది... గుర్రు ఒక్కసారిగా పెద్దదయింది. బల్ల కింద — మిణుకు మిణుకుమంటూ పచ్చటి కన్ను.

"నువ్వు అక్కవైనా సరే, ఇంకెవరైనా సరే... ఆ కార్డు నాకు కావాలి!" అని లోపలికి నడిచింది.

కంప్యూటరు! పోయిన మనిషి వాడిన యంత్రం ముట్టుకోవడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. మూడు వారాలుగా అలాగే తిరుగుతోంది. ఆమె తెర వెలిగించింది.

కార్డు తెరిచే ఉంది. పాత నంబరు చెరిపేసి, కొత్తది కొట్టింది అక్క. చివర్న గీత ఆరుతూ వెలుగుతూ ఉంది... ఒక్క అంకె తక్కువ.

ఒక్కటంటే ఒక్కటి. ఆమెకి ఏడుపొచ్చింది, ఆ వెంటనే ఒళ్ళు మండింది. సున్నా నుంచి తొమ్మిది దాకా ఉన్నవి పదే అంకెలు కదా! తన ఫోన్లో చివర సున్నా పెట్టి నొక్కింది. అలాంటి నంబరే లేదంది. ఒకటి — ఎవరో ముసలాయన తిట్లు. రెండు — ఎత్తలేదు. మూడు, నాలుగు, అయిదు...

ఆరుకి, నిద్రమత్తులో ఒక మగగొంతు.

"బ్లడ్ బ్యాంకా? హమ్మయ్య... ఆ రోజు ఫోన్లో అక్క నా కొత్త నంబరు రాసుకుంటూ రాసుకుంటూ మధ్యలో ఆగిపోయింది. ఎన్నిసార్లు పిలిచినా పలకలేదు. ఏమైందోనని మనసులో అదే ఉంది. బావుందా అక్క?"

ఆమె ఖాళీలో ఆరు కొట్టి, అక్క పేరు మీదే సేవ్ నొక్కింది.

"ఇప్పటిదాకా డ్యూటీలోనే ఉంది అన్నయ్యా," అంది. "మీరు ముందు బయల్దేరండి."