ఏడు సెకన్లు

ఎండలో ఆ మనిషిని పరుగెత్తించింది మీరు. తల తిప్పుకోకండి, మీరే. కారులో ఏసీ పెట్టుకుని, సీటు బెల్టు కూడా తీయకుండా, కొట్టు ముందు హారన్ కొట్టే పెద్దలు. మీరు కొట్టారు కాబట్టే మీ పిల్లలు కొట్టారు. మీరు నవ్వారు కాబట్టే వాళ్ళు దాన్ని ఆట చేసుకున్నారు. ఆ ఆట ఎలా సాగిందో వినండి. పిల్లలూ, మీరూ వినండి.

ఖతార్ రాజధాని దోహాలో, అల్ సద్‌లోని ఒక సందులో, మధ్యాహ్నం ఒంటిగంటన్నర. సెప్టెంబర్ మొదటి వారం. హమీదుద్దీన్ తన ఇద్దరు పిల్లల్ని స్కూలు నుంచి ఇంటికి తీసుకెళ్తున్నాడు. ముందు సీట్లో పదకొండేళ్ళ నూరైన్. వెనక సీట్లో ఎనిమిదేళ్ళ ఉమైర్.

కారు బకాలా ముందు ఆగింది. బకాలా అంటే మన కిరాణా కొట్టే. కాకపోతే అక్కడ ఎవరూ కారు దిగరు. హారన్ కొడతారు. లోపలి మనిషి ఉరుక్కుంటూ వస్తాడు. కిటికీలోంచి ఏం కావాలో చెబుతారు. అతను మళ్ళీ ఉరికి తెచ్చిస్తాడు. రోజూ అంతే.

"అక్కా, రెడీయా?" అన్నాడు ఉమైర్. వాడి చేతి వాచీలో స్టాప్‌వాచ్ ఉంది. "నిన్న తొమ్మిది సెకన్లు. ఇయ్యాల ఎనిమిదికి రావాలె."

"ఎనిమిది ఎందుకు? ఏడుకే రప్పిస్త చూడు."

నూరైన్ చెయ్యి చాచి హారన్ నొక్కింది. నొక్కిన చెయ్యి తీయలేదు.

హమీదుద్దీన్ నవ్వాడు. "చాలు బేటా, చెవులు పోతయ్" అన్నాడు. అన్నాడే గానీ చెయ్యి తీయించలేదు.

కొట్టు తలుపు ధడాలున తెరుచుకుంది. లోపలి మనిషి పరుగున వచ్చి కిటికీ దగ్గర ఆగాడు. రొప్పుతున్నాడు. కారులోని ముగ్గురి ముఖాలూ మార్చి మార్చి చూశాడు.

"సెవెన్! రికార్డ్!" అని అరిచాడు ఉమైర్.

"భయ్యా, దో మాంగో ఐస్‌క్రీమ్. జల్దీ" అంది నూరైన్.

అతను లోపలికి పరుగెత్తి ఐస్‌క్రీములు తెచ్చాడు. నూరైన్ ఆకుపచ్చ రంగుది వద్దని, పసుపు రంగుది కావాలంది. మళ్ళీ వెళ్ళి వచ్చాడు. హమీదుద్దీన్ కార్డు వెతుకుతున్నంత సేపూ అతను ఒక కాలు ఎత్తి, అది దించి, ఇంకో కాలు ఎత్తుతూ నిలబడ్డాడు.

"డాన్స్ చేస్తుండు చూడక్కా!" అని ఉమైర్ అక్క చెవిలో గుసగుసలాడాడు.

నూరైన్ పకపకా నవ్వింది. అద్దం పైకి వెళ్తుండగా ఆమె కళ్ళు కిందికి పోయాయి. అతని కాళ్ళకు చెప్పుల్లేవు. ఇదేంటి అనుకుంది. అంతలో ఐస్‌క్రీమ్ కరిగి మోచేతి మీదికి కారింది. ఆ సంగతి అంతటితో మర్చిపోయింది.

ఆ సాయంత్రం హోంవర్క్ చేసింది. సోషల్ చెప్పే తిరుమల మిస్ 'మా ఇంటి దగ్గర కొట్టు' గురించి రాసుకు రమ్మంది. నూరైన్ ఇలా రాసింది: 'మా బకాలా చాలా ఫాస్ట్. హారన్ కొడితే మనిషి ఏడు సెకన్లలో వస్తాడు. ఇది రికార్డ్.' పక్కన ఒక కారు బొమ్మ వేసింది. మనిషి బొమ్మ వేయలేదు.

మర్నాడు పీరియడ్ అయిపోయాక మిస్ ఆమెను ఆగమంది. క్లాసులో ఎప్పుడూ ఇంగ్లిషే మాట్లాడే మిస్, ఆ రోజు తెలుగులో అడిగింది.

"ఈ ఏడు సెకన్లు ఏంది నూరైన్?"

నూరైన్ హుషారుగా ఆటంతా చెప్పింది. మిస్ నవ్వలేదు.

"ఆయన పేరేంది?"

"తెల్వదు మిస్. భయ్యా అంటం."

"ఎన్నేండ్ల నుంచి కొంటున్నరు ఆడ?"

"మూడేండ్లు."

మిస్ పుస్తకం మూసింది. "మా ఊరు ఆర్మూర్ల రాజేశం కొట్టు ఉండె. నీ అంతున్నప్పుడు, బయట నిలబడి పెన్సిల్ ఇయ్యి అని కేకేసిన. లోపలికొచ్చి మామా అని పిలువు, అప్పుడిస్త అన్నడు. నాకు కోపమొచ్చింది. ఇంటికి పోయి బాపుకు చెప్పిన. బాపు నా దిక్కు మాట్లాడతడనుకున్న. 'మళ్ళ పో, మంచిగ పిలిచి తెచ్చుకో' అన్నడు."

"పోయిన్రా మిస్?"

"పోక? పెన్సిల్ లేకుంటె మా సారు ఊకుంటడా? సరే గని, పోయిన వారం పాఠంల ఏం చెప్పిన? ఎండకాలంల మిట్టమధ్యాహ్నం..."

"బయట పని చేయించొద్దని ఈడ రూలుంది, సెప్టెంబర్ సగం దాంక. కని మిస్, అది బిల్డింగులు కట్టేటోళ్ళకు గద?"

"ఎండకు తెలుస్తదా, ఎవరు బిల్డింగు కట్టేటోళ్ళు, ఎవరు ఐస్‌క్రీమ్ తెచ్చేటోళ్ళని?"

మిస్ మార్కులు వేయకుండానే పుస్తకం చేతికిచ్చింది. "పేరు తెలుసుకుని మళ్ళ రాసుకరా" అంది.

ఆ మధ్యాహ్నం కారు మళ్ళీ బకాలా ముందు ఆగింది. ఈసారి నూరైన్ చేతులు ఒళ్ళోనే పెట్టుకుంది. హమీదుద్దీనే హారన్ కొట్టాడు.

"ఎనిమిది... తొమ్మిది... పద్నాలుగు... ఇరవై..." ఉమైర్ లెక్కపెడుతున్నాడు. ఎవరూ రాలేదు.

హమీదుద్దీన్ మళ్ళీ కొట్టాడు. రాలేదు.

"ఏమైంది వీనికి?" అంటూ ఫోన్ తీశాడు. కొట్టు బోర్డు మీద యజమాని నంబరు ఉంది. "వీళ్ళ సేఠుకు చెప్త. పని మీద ధ్యాస లేనోన్ని ఎందుకు పెట్టుకోవాలె?"

నూరైన్ తండ్రి చెయ్యి పట్టుకుంది. "అబ్బా, ఆగు. నేను పోయి తెస్త."

"ఈ ఎండలనా? పిచ్చి లేసిందా?"

నూరైన్ తండ్రి ముఖంలోకి చూసింది. "ఆయన రోజూ వస్తడు గద" అంది. తలుపు తీసింది.

వేడి ముఖం మీద కొట్టింది. రెండడుగులు వేసిందో లేదో బూటు లేసు ఊడింది. కట్టుకోవడానికి వంగి అరచెయ్యి నేలకు ఆనించింది. చురుక్కుమంది. చటుక్కున చెయ్యి లాక్కుంది. నిన్న అతని కాళ్ళకు చెప్పుల్లేని సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

కొట్టులో అరల పక్కన నిచ్చెన ఉంది. నిచ్చెన కింద చెప్పుల జత ఉంది. అతను బియ్యం బస్తా మీద కూర్చుని, రెండు కాళ్ళూ నీళ్ళ టబ్బులో పెట్టి, ఊళ్ళో ఇంటికి ఫోన్ చేసి మాట్లాడుతున్నాడు.

"మంచిగనే ఉన్నయే భూమవ్వా, కాళ్ళకేమైంది? ఎండలు తగ్గినయ్. నువ్వు రంది పెట్టుకోకు."

నూరైన్ ఆగిపోయింది. మెట్‌పల్లిలో ఆమె నానమ్మ పక్కింటివాళ్ళతో అచ్చం ఇలాగే మాట్లాడుతుంది. మూడేళ్ళుగా హిందీలో కేకలేసింది ఈ మనిషినా?

ఆమెను చూసి అతను గబగబా లేవబోయాడు. అరికాళ్ళు కనబడ్డాయి. రెండూ బొబ్బలే. ఒకటి పగిలింది.

"సారీ బేటీ, ఆరహా థా..." అన్నాడు, వస్తూనే ఉన్నానన్నట్టు.

"మీ పేరేంది?" అంది నూరైన్, తెలుగులో.

అతను ఫోన్ పక్కన పెట్టాడు. "తెలుగొస్తదా బిడ్డా నీకు? మల్లన్న అంటరు. మాది రాయికల్ దిక్కు."

"చెప్పులు ఎందుకు ఏసుకోలే నిన్న?"

"నిచ్చెన మీద నీళ్ళ సీసాలు సదురుతున్న. హారన్ ఆగకుంట మోగింది. కారుల పిల్లలకేమన్న అయిందో ఏమోనని అట్లనే ఉరికిన."

అబద్ధం చెప్పొచ్చు. చెప్పకుండా వెళ్ళిపోనూ వచ్చు.

"ఏమీ కాలే" అంది. "ఆట ఆడినం. మీరెన్ని సెకన్లకొస్తరో లెక్కపెట్టుకునే ఆట. హారన్ నేనే కొట్టిన."

మల్లన్న కాళ్ళ వైపు చూసుకున్నాడు.

"ఎన్నిట్ల వచ్చిన?"

"ఏడు."

"చెప్పులేసుకుంటె పది పట్టేటివి" అన్నాడు. నవ్వలేదు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది అనిపించింది నూరైన్‌కు.

బయట హారన్ మోగింది. పొడుగ్గా, ఆపకుండా. అది తండ్రి కారే.

మల్లన్న టబ్బులోంచి కాళ్ళు బయటికి తీశాడు. పళ్ళు బిగబట్టి నిలబడ్డాడు. "మీ నాయిన కోపానికొచ్చిండు. సేఠుకు ఫోన్ జేస్తడు. మొన్న పక్క కొట్టు గజేందర్‌ను గట్లనే ఇంటికి తోలిన్రు బిడ్డా. ఏం గావాల్నో జల్ది చెప్పు, నేనిచ్చొస్త."

"మీరు కూసోండి మల్లన్న మామా."

నూరైన్ బయటికి నడిచింది. ఐస్‌క్రీమ్ తీసుకోలేదు. తన సీటు వైపు పోలేదు. చుట్టూ తిరిగి వెళ్ళి, తండ్రి కూర్చున్న వైపు తలుపు బార్లా తెరిచింది.

"నూట పద్దెనిమిది, నూట పంతొమ్మిది" అంటున్నాడు ఉమైర్.

"లెక్క బంద్ చెయ్యి ఉమైర్. ఆయన అరికాళ్ళు కాలినయ్. నేనే కాల్చిన."

వాడు వాచీ ఆపేశాడు. హమీదుద్దీన్ చేతిలో ఫోన్ ఇంకా వెలుగుతూనే ఉంది. "ఏం మాట్లాడుతున్నవ్? తలుపు ముయ్యి బేటా, చల్లదనమంత పోతది."

"పోనీ."

"నూరైన్!"

ఆమె తలుపు మూయలేదు. వేడి గాలి కారంతా నిండింది. తండ్రి నుదుటి మీద చెమట మొలిచింది.

"ఆ ఫోన్ జేబుల పెట్టు అబ్బా. సేఠుకు చెయ్యకు. ఇంజన్ బంద్ చెయ్యి. ఆయన పేరు మల్లన్న. లోపలికొచ్చి పేరు పెట్టి పిలువు. కాళ్ళు నీ కండ్లతోటి చూడు. దవాఖానకు మన కార్ల తీస్కపోదాం. రేపు కాదు. ఇప్పుడే. దిగు అబ్బా, దిగు."