అశోక్ పేరు మీద ఇంకొకడు

అశోక్ ఎవరి దగ్గరా చెయ్యి చాచిన మనిషి కాదు. ఉన్నదాంట్లోనే బతకాలనేది అతని నియమం. పోచంపల్లి నుంచి వచ్చి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒకరి చీరల దుకాణంలో ఏళ్లకేళ్లు పనిచేసి, కొత్తపేటలో సొంత దుకాణానికి చిన్న షట్టర్ అద్దెకు తీసుకుందామని మొదటిసారి బ్యాంకు మెట్లెక్కాడు. లోన్ రాదన్నారు. అతని పేరు మీద అప్పటికే ఒక అప్పు ఉందట. అతను ఎగ్గొట్టాడట.

తప్పు ఎక్కడ జరిగిందో అతనికి తెలుసు. చిన్నప్పటి నుంచి నూలుకు ముడులు కట్టీ కట్టీ అతని బొటనవేలి గీతలు అరిగిపోయాయి. ఏ మిషన్ మీదా ఒక పట్టాన ముద్ర పడదు. రోడ్డు పక్కన గొడుగు కింద సిమ్‌లు అమ్మేవాడు "పడలేదన్నా, మళ్ల పెట్టు" అన్నప్పుడల్లా పెట్టాడు. ఎప్పుడూ వినే మాటే కదా, అనుమానం రాలేదు. ఆ అదనపు ముద్రలతోనే వాడు అతని పేరు మీద ఇంకో సిమ్ తీసి ఉంటాడు, దాంతోనే ఎవరో అప్పు లేపారు.

అప్పటి నుంచి తిరుగుడే. సైబర్ పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాడు. ఆధార్ వేలిముద్రలకు తాళం వేయించాడు. క్రెడిట్ రిపోర్టులో తప్పు దిద్దమని రాశాడు. అందరూ చివరికి ఒకటే మాట అన్నారు. అప్పిచ్చిన కంపెనీ ఒప్పుకోవాలి.

ఆ కంపెనీ ఎల్బీనగర్ చౌరస్తా పక్కన ఒక పాత బిల్డింగు పైఅంతస్తులో ఉంది. అతను వెళ్లిన సాయంత్రం ముసురు పట్టింది. కరెంటు లేదు. కింద జనరేటర్ గురగురమంటోంది. మెట్లమీదంతా డీజిల్ కంపు, లోపల తడిసిన కార్పెట్ ముక్క వాసన. నరేష్‌కుమార్ అనే ఉద్యోగి ఒక్కడే మిగిలాడు.

"అన్నా, అప్పు తీసుకున్నప్పటి వీడియోల మొహం మీదే. నేనేం చెయ్యాలె?"

"నా మొహం నా దగ్గర్నే ఉన్నది తమ్మీ. ఎవనికీ కిరాయికియ్యలే."

నరేష్ నవ్వబోయాడు. ఇంతలో కంప్యూటర్ మోగింది. తెర చూసి అతని నవ్వు ఆగిపోయింది.

"వీడియో కాల్... మీ పేరు మీదనే."

"ఎత్తు," అన్నాడు అశోక్ గుసగుసగా. "నేనున్నట్టు చెప్పకు."

తెర వెలిగింది.

అందులో అశోక్ కూర్చున్నాడు. అదే నెరిసిన మీసం. అదే చెంప మీది మచ్చ. వెనక లేత పచ్చ గోడ... కొత్తపేటలో తన ఇంటి గోడ. పొద్దున తను విడిచిన చొక్కా కొక్కేనికి వేలాడుతోంది.

"నా అప్పు నేను కట్టేస్తా సార్," అన్నాడు తెరలోని మనిషి నిదానంగా. "గని నా పేరు చెప్పుకొని ఎవడో తిరుగుతున్నడు. బ్యాంకుకు పోతున్నడు. ఠాణాకు పోతున్నడు. జర అన్నీ బంద్ పెట్టుండ్రి."

బొటనవేలు కెమెరా ముందుకు తెచ్చాడు. గీతలు... ఒక్కటీ అరగలేదు.

తర్వాత అతని కళ్లు మెల్లగా పక్కకు జరిగాయి. అశోక్ నిలబడ్డ వైపుకు.

"గా మీ పక్కన ఉన్నోడే."

తెర ఆరిపోయింది. నరేష్ కుర్చీ వెనక్కి జరిగింది.

"మీరు... ఎవరు?"

అశోక్ జేబులోంచి ఫోన్ తీశాడు. సిగ్నల్ లేదు. బల్ల మీది నరేష్ ఫోన్ లాక్కుని భార్య అరుణశ్రీ నంబరు కొట్టాడు. రింగయింది... రింగయింది... ఎత్తింది.

"అరుణా, నేను. వెంటనే ఇంట్ల నుంచి బయటకు రా."

అవతల ఊపిరి చప్పుడు. ఆమె ఫోన్ కాస్త దూరం జరిపి పక్కనున్న ఎవరితోనో మెల్లగా అంది.

"ఇగో... నువ్వు చెప్పినట్లే ఫోన్ చేసిండు. గొంతు సుత అచ్చం నీదే."