ముప్పై ఒకటో కిలోమీటరు దగ్గర నిద్ర

జగదీష్‌ను గుద్దిన లారీకి నంబరు ప్లేటు లేదు. సూర్యాపేట బైపాస్‌లో, పట్టపగలు పదకొండు గంటలకు, చాయ్ తాగి రోడ్డు దాటుతున్న ఇంజినీరును గుద్ది ఆగకుండా వెళ్ళిపోయింది. చూసినవాళ్ళు యాక్సిడెంట్ అన్నారు. ఆయన జేబులోని చీటీ చదివినవాళ్ళు మాత్రం ఆ మాట అనలేదు. అందులో ఒకటే వాక్యం ఉంది: "31వ కిలోమీటరు దగ్గర అందరూ నిద్రపోతున్నారు."

మరునాడు పొద్దున ఏజెంట్ ఆండాలు సూర్యాపేటలోని ఒక విత్తనాల దుకాణం మెట్లెక్కింది. నలభై రెండేళ్ళ మనిషి, నేత చీర, చేతిలో స్టీలు సద్ది డబ్బా. ఆమెను చూసి గూఢచారి అనుకునేవాడు ఇంకా పుట్టలేదు. డిపార్టుమెంటుకు కావలసింది కూడా అదే.

"సన్నాలా, దొడ్డువా?" కౌంటర్ వెనక మనిషి అడిగాడు.

"రెండూ గాదు. ఎలుకలు ముట్టని విత్తనం గావాలె."

కోడ్ సరిపోయింది. గోనె సంచుల వెనక తలుపు తెరుచుకుంది.

లోపల చీఫ్ మురళీధర్, ఆయన పక్కన నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్న స్వర్ణ. స్వర్ణది కోదాడ. విదేశీ ముఠాలో ఉంటూ మనకు సమాచారం చేరవేసే డబుల్ ఏజెంట్. ఆమె నవ్వితే చీఫ్ ఫైలు తలకిందులుగా పట్టుకుంటాడని ఆఫీసులో చెప్పుకుంటారు. అది చాడీ కాదు, ఆండాలు తన కళ్ళతో చూసింది.

"ఆపరేషన్ మెలకువ," చీఫ్ మొదలుపెట్టాడు. టేబుల్ మీద వైర్లు లేని ఒక రబ్బరు బ్యాండ్, దానికి ఎనిమిది సెన్సార్లు. "డ్రైవర్ నెత్తికి పెడతం. మెదడు తరంగాలు చదువుతది. ఎదురుంగ ప్రమాదం కనపడంగనే, కాలు బ్రేకు మీదికి పోకముందే మెదడుల సిగ్నల్ పుడతది. ఆ సిగ్నల్ పట్టి బస్సుల బిగించిన బాక్సు బ్రేకు ముందే వేస్తది. అర సెకను లాభం. అర సెకనుల ఒక ప్రాణం నిలబడతది ఆండాలూ."

"డ్రైవర్ నిద్రపోతే?"

"బాక్సు స్టీరింగ్ తీసుకుని బస్సును ఎడమ పక్కకు జరిపి ఆపుతది. నడుస్తుండంగ బ్యాండ్ ఊడినా అంతే, మనిషి పడిపోయిండనుకుంటది. జగదీష్ మూడు నెలలు, స్టీరింగుకు కలపకుండ ఉత్త రికార్డు కోసం, పద్నాలుగు మంది డ్రైవర్లతోని టెస్టు చేసిండు. ఇయ్యాల మిర్యాలగూడ నుంచి కోదాడకు ఆఖరి డెమో. బస్సుల నలభై మంది రైస్ మిల్లు ఆడోళ్ళు ఉంటరు. ఇది పాసైతే ముఠా అమ్మే ఇసొంటి యంత్రాన్ని ఎవ్వడూ కొనడు."

"దాడి కోదాడలోనే జరుగుద్ది సార్," స్వర్ణ మెల్లగా అంది. "స్టేజీ దగ్గర బాక్సు ఎత్తుకెళ్తారు. నాకు పక్కా సమాచారం."

మురళీధర్ మొత్తం టీమును కోదాడకు పంపాడు. ఆండాలును ఒక్కదాన్నే బస్సు ఎక్కమన్నాడు.

డ్రైవర్ పేరు దుర్గయ్య. బ్యాండ్ పెట్టుకున్న తలతో, పెళ్ళికొడుకును చేసినంత ఇబ్బందిగా కూర్చున్నాడు. బస్సు పాతది, బాక్సు కొత్తది. మిల్లు ఆడవాళ్ళు ఎక్కగానే ముచ్చట్లతో బస్సు నిండిపోయింది. ఆండాలు కిటికీ పక్కన లచ్చమ్మ అనే పెద్దామె దగ్గర సర్దుకుంది. వెనకసీట్లో స్వర్ణ, ఒళ్ళో కెమెరా.

నేరేడుచర్ల రాగానే స్వర్ణ దిగింది. "వెనక కారులోంచి వీడియో తీస్తాను, బస్సు మొత్తం బాగా పడుద్ది," అంటూ చెయ్యి ఊపింది.

ఆండాలు మనసు అక్కడ కీడు శంకించింది. ఇంతసేపూ బస్సులో చల్లగా కూర్చున్న మనిషి, ఇప్పుడెందుకు దిగింది? సద్ది డబ్బా పైగిన్నె తీసింది. అడుగున ట్యాబ్ ఉంది. జగదీష్ రికార్డులు తెరిచింది. పద్నాలుగు మంది డ్రైవర్లు, మూడు నెలలు, వందల ట్రిప్పులు. ప్రతి గ్రాఫులోనూ మిర్యాలగూడ నుంచి సరిగ్గా 31వ కిలోమీటరు దగ్గర ఆల్ఫా తరంగం ఒక్కసారిగా లేచింది. కళ్ళు మూతపడితే లేచే తరంగం అది. బాక్సు లెక్కలో దాని పేరు నిద్ర.

పద్నాలుగు మందికీ ఒకే చోట నిద్ర ఎట్లా వస్తుంది?

"అవ్వా, గరిడేపల్లి దాటినంక ఏమున్నది?"

"ఏమున్నది బిడ్డా, కాలువ వంతెన. ముంగట కట్ట మైసమ్మ. ఏ డ్రైవరైనా గాడ కండ్లు మూసి దండం పెట్టకుండ పోడు," అంది లచ్చమ్మ.

ఆండాలు ట్యాబ్‌లో బాక్సు ప్రోగ్రాము తెరిచింది. గబగబా కిందికి జరిపింది. నిన్న రాత్రి ఎవరో ఒక వరుస చేర్చారు: 31వ కిలోమీటరు దగ్గర నిద్ర కనిపిస్తే స్టీరింగ్ ఎడమకు, బ్రేకు బదులు యాక్సిలరేటర్. ఎడమన కాలువ. నిండు నీళ్ళు. రేపు రికార్డు తీస్తే డ్రైవర్ నిద్రపోయాడనే ఉంటుంది.

చెవి కమ్మలోని మైకు నొక్కింది. "సార్, దాడి కోదాడల గాదు, గీడనే! బస్సు ఆపిస్తున్న."

"ఆపకు!" మురళీధర్ అరిచాడు. "స్వర్ణ సమాచారం కోదాడ అని. నువ్వు ఆపితే ముఠా తప్పించుకుంటది. ఇది ఆర్డర్."

"నలభై మంది ఉన్నరు సార్."

"ఆర్డర్ అన్న!"

"అయితే మీ ఆర్డర్ మీరే ఉంచుకోండ్రి," అని ఆండాలు కమ్మ పీకి కిటికీలోంచి పారేసింది.

గరిడేపల్లి దాటింది. ఆమె సీట్ల మధ్య నుంచి తోసుకుంటూ ముందుకు పోయింది.

"అన్నా, బస్సు ఆపు."

"నడుమల ఆపొద్దన్నరమ్మా."

"పోనీ మైసమ్మ కాడ కండ్లు ముయ్యకు. మూస్తే నువ్వు నిద్రపోయినవనుకుని ఈ బాక్సు మనల్ని కాలువల పడేస్తది!"

దుర్గయ్య ముఖం ఎర్రబడింది. "ఇరవై ఆరేండ్ల సర్వీసు. ఒక్క కోడిపిల్లను తొక్కలే. నేను నిద్రపోయిననంటదా ఇది?"

"అంటది. నువ్వు సచ్చినంక గూడ గదే అంటది. నీ పిల్లలకు గదే సూపిస్తరు."

చావు మాటకు చలించనివాడు ఆ మాటకు చలించాడు. అయినా మొండిగా తల అడ్డంగా ఊపాడు. "దండం మాత్రం ఆపను. ఎవడో నెత్తికి గట్టిన పట్టీకి భయపడి తల్లికి మొక్కకుండ పోతనా?"

వంతెన కనిపించింది. పసుపు గద్దె, ఎర్ర గుడ్డ. దుర్గయ్య కుడిచెయ్యి అలవాటుగా స్టీరింగ్ మీది నుంచి లేచింది.

"మొక్కొద్దంటలేనన్నా!" ఆండాలు గొంతు చించుకుంది. "దిగి మొక్కు!"

దుర్గయ్య కాలు బ్రేకు మీద పడింది. బస్సు వంతెన ఎత్తు మీద కీచుమని ఆగింది.

దిగి మొక్కే అవకాశం వస్తే ఆడవాళ్ళు వదులుతారా? నలభై మందీ బిలబిలా దిగారు. ఎత్తు మీద బండి ఆగితే చెయ్యాల్సిన పని చేసింది లచ్చమ్మ, వెనక చక్రాల వెనకొకటి, ముందొకటి రాళ్ళు పెట్టింది. దుర్గయ్య ఇంజిన్ ఆపలేదు, సెల్ఫ్ సతాయిస్తుందని. చెప్పులు విడిచి, తల మీది బ్యాండ్ సంగతి మరిచి, గద్దె ముందు నిలబడి కళ్ళు మూశాడు.

ఖాళీ బస్సులో స్టీరింగ్ గిర్రున ఎడమకు తిరిగింది.

గేరు దానంతటదే పడి ఇంజిన్ గర్జించింది. హ్యాండ్ బ్రేకు తెగినంత చప్పుడు. వెనక చక్రం రాయిని నలుపుతూ ఎక్కుతోంది. ఆండాలు ఒక్క ఉరుకున బస్సెక్కి తాళంచెవి పీకేసింది. ముందు చక్రం గట్టు అంచుకు జానెడు దూరంలో ఆగింది. మట్టిపెళ్ళ ఒకటి విరిగి కాలువలో పడింది.

వెనక ఆగిన కారు రివర్స్ తీస్తోంది. దాని ముందూ వెనకా అప్పటికే మిల్లు ఆడవాళ్ళు నిలబడ్డారు. వడ్ల బస్తాలు మోసే చేతులు తలుపు తీశాయి. లచ్చమ్మ స్వర్ణ జబ్బ పట్టుకుంది.

"ఏడికి బిడ్డా? ఫోటోలు తీస్తనంటివి గద."

"నేను మీ ఏజెంటునే!" స్వర్ణ కళ్ళద్దాలు ఊడి పడ్డాయి. "మురళీధర్ గారిని అడగండి!"

"అడుగుతం," అంది ఆండాలు. "ముందు ఆ బ్యాండ్ పెట్టుకుని ఈ బస్సును వంతెన దాటియ్యి. నడుమల ఒక్కసారి కండ్లు మూస్తే సాలు."

స్వర్ణ బ్యాండ్ ముట్టలేదు. లచ్చమ్మ చేతిని విడిపించుకోబోయింది. ఆమె బ్యాగులో బాక్సు తెరిచే పాస్‌వర్డూ, ప్లేటు లేని లారీ డ్రైవర్ నంబరూ దొరికాయి. సాయంత్రానికి కోదాడ లాడ్జిలో ముఠా మొత్తం చిక్కింది.

పంచనామా దగ్గర దుర్గయ్య మళ్ళీ అడ్డం తిరిగాడు. రికార్డులో "డ్రైవర్ నిద్ర, 1.8 సెకన్లు" అని ఉంది.

"గది కొట్టెయ్యి. లేకుంటే సంతకం పెట్ట."

"యంత్రం రాసింది, మార్చరాదు," అన్నాడు మురళీధర్, పొద్దుటికన్నా తగ్గిన గొంతుతో.

"యంత్రానికి తెల్వదు. నీకు తెల్వదా సారూ?"

ఫారంలో నిద్ర, మత్తు, పరధ్యానం అని మూడే గడులున్నాయి. ఆండాలు మూడింటినీ కొట్టేసి, పక్కన "దండం" అని రాసింది. దుర్గయ్య చదువుకుని, దిద్దుకుని మరీ సంతకం పెట్టాడు. ఆ మాటకు వివరణ కోరుతూ ఢిల్లీ నుంచి ఇప్పటికి రెండు ఉత్తరాలు వచ్చాయి. జవాబు డ్రైవరే ఇవ్వాలని ఆండాలు పట్టుబట్టింది. దుర్గయ్యకేమో డ్యూటీలో తీరిక లేదు.