పేరు లేని వేడి

మర్రిగూడలో మే నెల మిట్టమధ్యాహ్నం. వాకిట్లో కోడి కూడా తిరగడం లేదు. లోపలి అర్రలో మనస్విని కంప్యూటర్ ముందు కూచుని ఎవరిదో పెళ్లి వీడియో ముక్కలు కలుపుతోంది. పక్క మూలలో దీపం, చెంబులో నీళ్లు. ఆమె నాయనమ్మ ఈదమ్మ అక్కడే కన్నుమూసింది. దినాలయ్యేదాకా ప్రాణం పోయిన జాగలో దీపం కదపరాదు. పోయిన ప్రాణానికి ఆ వెచ్చదనమే దిక్కంటారు.

నూనె పోసే పని కోడలు స్వరూపది. అత్త బతికినన్నాళ్లూ ఆమె నోటికి జడిసిన మనిషి. ఇప్పుడూ తల దించుకునే పోస్తుంది.

"అమ్మా, మల్ల ఆగిపోయింది!" బిడ్డ మొత్తుకుంది. "గీ కంప్యూటర్ డబ్బా ఉడికిపోతాంది. పెళ్లోళ్లు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్రు."

మళ్లీ ఆన్ చేసి, తెర మీద అంకెలు చూపించింది. "గిది ప్రాసెసర్ వేడి. పని పెరిగితే పెరుగుతది, తొంబై దాటితే అంతా ఆగిపోతది. గిదేమో మదర్‌బోర్డుది. డబ్బా లోపలెంత కాగిందో చెప్తది."

"తల్లి పేరు పెట్టుకున్నంక కాగక ఏం చేస్తది బిడ్డా? గీ మూడోదేంది, సున్నా ఉన్నది?"

"దానికి పేరే లేదు. ఏ తీగా తగిలియ్యని జాగ. ఫికర్ చెయ్యకు. ముందు గా దీపం జర అవతల పెట్టు. దాని సెగే గిది."

"దినాలు కాలేదే..."

"అవ్వ లేచొచ్చి కొడ్తదా?"

స్వరూప దీపాన్ని ఎత్తుకుని వంటింటి వైపు నడిచింది. గడప దాటగానే ఆరిపోయింది. గాలి లేదు. ఆకు కూడా కదలడం లేదు.

తిరిగొచ్చేసరికి మనస్విని నవ్వుతోంది. "చూసినవా, బోర్డు వేడి తగ్గింది."

స్వరూప చూపు మూడో అంకె మీదుంది. సున్నా కాదు. తొమ్మిది... పద్నాలుగు... అర్రలో నూనె వాసన పోయి, ఈదమ్మ నమిలే తంబాకు వాసన కమ్ముకుంది.

"అమ్మా, సలి పెడ్తాంది."

"గీ ఎండలనా?"

చెయ్యి పట్టుకుంది. రాత్రంతా ఆరుబయట పెట్టిన కుండలా ఉంది. తెర మీద ఇరవై ఆరు.

"నా వేడి ఎవరో తాగుతున్రమ్మా..." బిడ్డ పెదవులు నల్లబడుతున్నాయి.

ముప్పై మూడు. ముప్పై ఐదు...

స్వరూప ఉరికి ప్లగ్గు పీకింది. తెర ఆరింది. ఆరేముందు కనబడ్డ అంకె ముప్పై ఏడు. మనిషి ఒంటి వేడి.

చీకటి తెర పక్కనున్న స్పీకర్లోంచి ఊపిరిలాంటి గొంతు. "దీపం తీస్తివి గదనే... ఇగ నేను నీ బిడ్డ ఒంటి వేడిల కాగుత."

దీపం తెచ్చి అదే మూలలో పెట్టింది. ఎన్ని పుల్లలు గీసినా వత్తి అంటుకోలేదు.

నల్లగొండ దవాఖానలో చల్లబడ్డ బిడ్డను చూసి అన్నీ మంచిగనే ఉన్నయన్నారు. స్వరూప మొగుడు పరశురాములు డబ్బాను బండి మీద కట్టుకుని, ఊరవతల పారేసి వస్తానని బయలుదేరాడు. ఇంట్లో బిడ్డ బిగుసుకుపోయింది. స్వరూప ఫోన్లో ఒక్క మాటే అన్నది. "తిరిగి తే." డబ్బా గడప దాటి లోపలికొచ్చాకే పిల్ల ఊపిరి పీల్చింది.

అందుకే అది ఆ మూలలోనే ఉంది. తీగ లేదు, కరెంటు లేదు. ముట్టుకుంటే నిద్రపోయే మనిషి వీపులా వెచ్చగా ఉంటుంది. బిడ్డ మాత్రం ఎండలో కూచున్నా చల్లగానే ఉంటుంది. డబ్బా చల్లబడితే బిడ్డ ఏమవుతుందో తెలియదు. స్వరూప దాని మీద దుప్పటి కప్పి, పొద్దున లేవగానే ముందు దాన్ని ముట్టుకుని చూస్తుంది.

నిన్న ఆ దుప్పటి ఉతుకుదామని కొస పట్టి లాగింది. రాలేదు.

ఇంకా గట్టిగా లాగింది.

లోపలి నుంచి... అంతే గట్టిగా వెనక్కి గుంజారు.